విన్నది విన్నట్టు టైపు చేసినందుకు

విన్నది విన్నట్టు టైపు చేసినందుకు స్వరూప అనే అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేశారు. తప్పు దిద్దామని చెప్పుకున్నారు. దిద్దలేదు, ఉన్నమాటను చెరిపారు. చెరిపినవాడి కుర్చీ కదల్లేదు. విన్న పిల్ల రోడ్డున పడింది.

ఇది తొంభైల చివర్లో మాట. ఇంకా ఎందుకు తవ్వుకుంటావని మా ఇంట్లోవాళ్లు అంటారు. తవ్వుకోవాల్సిన పనే లేదు, పైనే ఉంది. ఇప్పుడు డాక్టర్ల మాటలు యంత్రమే విని టైపు చేస్తుందట, దాన్ని మీలాంటి కుర్రవాళ్లు దిద్దుతారట. ఆ కుర్చీలో కూర్చోబోయేవాళ్ల కోసం రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, నాకు ఏ హోదా ఇచ్చారు అన్నవి మీకు అనవసరం. అవి నాకే అనవసరం.

మా పని

అమెరికాలో డాక్టరు రోగిని చూసి, తాను చూసిందీ రోగి చెప్పిందీ ఫోనులో చెప్పి పెడతాడు. అక్కడ పొద్దు గూకేసరికి ఆ గొంతులు మా కంప్యూటర్లలోకి దిగేవి. మాకప్పుడు తెల్లవారేది. మా పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడల్ తొక్కుతూ గొంతును ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ టైపు చేసేవారు. చూసేవాళ్లకు కుట్టుమిషన్ల కార్ఖానాలా ఉండేది. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అని దానికి పెద్ద పేరు.

మాది మాదాపూర్‌లో ఓ ఇంటిమీద రెండు అంతస్తులు కిరాయికి తీసుకుని నడిపిన చిన్న కంపెనీ. చుట్టూ బండలే. హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తోంది. బండలు పేల్చేముందు బయట ఈల వేసేవారు. ఆ ఈల వినపడగానే హాల్లో అందరి కాళ్లూ పెడళ్ల మీదినుంచి ఒక్కసారే లేచేవి. ఢామ్మని పేలాక మళ్లీ తొక్కుడు మొదలు. నేను చందానగర్ నుంచి షేర్ ఆటోలో వచ్చేవాణ్ణి. కొత్తవాళ్లకు పాఠం చెప్పడం, వాళ్లు కొట్టిన కాగితాన్ని గొంతుతో పోల్చి సరిచూడడం నా పని.

నా దగ్గర్నుంచి కాగితం క్వాలిటీ రూముకు వెళ్లేది. అక్కడివాళ్లు గొంతు వినరు. తెరమీద కాగితం చూసి దిద్దుతారు. వినకుండా దిద్దడం ఏమిటని నేను మొదటి రోజే అడిగాను. టైము లేదన్నారు. వినడానికి లేని టైము దిద్దడానికి ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు.

నాకు ఇంగ్లీషు ఎవరు నేర్పారు

ఎవరూ నేర్పలేదు. పదో తరగతి తప్పినవాణ్ణి. మొదట ఒక దవాఖానలో ఓపీ చీటీలు రాసేవాణ్ణి. మందు డబ్బాల్లో సన్నటి అక్షరాలతో మడతలు పెట్టిన కాగితాలు ఉంటాయే, అందరూ పారేసేవి, వాటిని ఇంటికి తీసుకుపోయి అట్టలేని ఒక నిఘంటువు ముందు పెట్టుకుని చదివాను. ఆ మందు మింగితే ఒంట్లో ఏమేమి కావచ్చో అందులో ఉండేది. మంట, తిమ్మిరి, దడ, కళ్లు తిరగడం, దిగులు. "నీ ఇంగ్లీషంతా సైడ్ ఎఫెక్టులేనయ్యా" అని మా పెద్ద డాక్టరు నవ్వేవాడు.

ఆయన నా మొదటి బాసు, నా లెక్కలో ఆఖరి బాసు కూడా. ఒకసారి ఒక రైతు వచ్చి, రొమ్ముమీద బస్తా పెట్టినట్టుంది అన్నాడు. నేను చీటీమీద 'గుండెనొప్పి' అని రాశాను. డాక్టరు ఆ చీటీ పట్టుకుని బయటికొచ్చాడు.

"నొప్పి అని ఆయన అన్నాడా, నువ్వన్నావా?"

"నేనే అన్న సార్."

"అయితే పోయి ఆ మంచం మీద నువ్వే పడుకో."

నా చదువు అక్కడ పూర్తయింది. మిగిలినదంతా దానికి వ్యాఖ్యానమే.

జోడీలు

కొత్త బ్యాచిలో సగంమంది కోస్తావాళ్లు, సగంమంది తెలంగాణ జిల్లాలవాళ్లు. అందరికీ డిగ్రీలుండేవి. ఇంగ్లీషులో మాటలు వచ్చు, మాటల జోడీలు రావు. "స్ట్రాంగ్ పెయిన్" అని రాసేవాళ్లు. "హెడ్ ఈజ్ రౌండింగ్" అని రాసినవాళ్లూ ఉన్నారు.

నేను పుస్తకం తెరవకుండా తెలుగులో మొదలుపెట్టేవాణ్ణి. మనకు తల పగులుతుంది, కాళ్లు గుంజుతాయి, పుండు సలుపుతుంది, పన్ను పోటు పెడుతుంది. తల పగిలిపోతోందంటే పడుకోమంటారు. అదే కాళ్లు పగిలాయంటే మడమలు చూసి కొబ్బరినూనె రాసుకోమంటారు. కోపం నషాళానికి అంటుతుంది. దుఃఖం అక్కడిదాకా పోదు, గొంతులోనే అడ్డం పడుతుంది. ఏ బాధకు ఏ మాట తోడో మనకెవరూ నేర్పలేదు, ఇంట్లో వింటూ పెరిగాం. ఇంగ్లీషువాడూ అంతే. వాడికి పెయిన్ 'షార్ప్'గా ఉంటుంది, 'ఏక్' అనే సన్నపాటి నొప్పి 'డల్'గా ఉంటుంది. తలనొప్పి 'స్ప్లిటింగ్', గొంతు 'సోర్'. మనసు 'డీప్లీ హర్ట్' అవుతుంది, ఆశ 'బిటర్లీ డిసప్పాయింటెడ్' అవుతుంది. తోడు మారిస్తే వాడికి అన్నంలో రాయి పంటికింద పడ్డట్టుంటుంది.

కాకినాడ అమ్మాయి ఒకతె లేచి, "ఒంట్లో వేడి చేసిందండీ అనడానికి వాళ్లేమంటారండీ?" అంది.

"ఏమీ అనరమ్మా. ఆ రోగం వాళ్లకు లేదు."

"అదృష్టవంతులండీ."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే వెనక బెంచీనుంచి స్వరూప లేచింది. నానక్‌రామ్‌గూడలో ఉండేది. తండ్రి పాలమూరు పక్కనుంచి కూలికి వచ్చి, ఒక బిల్డింగుకు సెక్యూరిటీ గార్డుగా కుదిరాడు. ఆ ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్న మొదటి మనిషి ఆ పిల్లే.

"సార్, మా నాయనమ్మ ఉత్తగనే 'పానం ఎట్లనో అయితుంది' అంటది. నొప్పా అంటే కాదంటది. భయమా అంటే కాదంటది. గదేంది సార్?"

మళ్లీ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట మందు కాగితాల్లో ఇంగ్లీషులో చదివాను. 'ఇంపెండింగ్ డూమ్' అని జోడీ. ఏదో ముంచుకొస్తోందని ఒళ్లే ముందు చెప్పడం. మనసుదీ ఒంటిదీ కలిసిన లక్షణం, డాక్టర్లు దాన్ని తేలిగ్గా తీసుకోరు.

"మీ నాయనమ్మ గట్లంటే ఇంట్ల ఏం జేస్తరమ్మా?"

"ఊర్ల ఉన్నప్పుడు మా నాయిన ఎడ్లబండి కడుతుండె, దవాఖానకు."

"నొప్పి లేకున్నాగాని?"

"నొప్పి అంటే జర పండుకో అంటుండె సార్. గిట్లంటే మాత్రం బండి కడుతుండె."

ఆ రోజు పాఠం అంతకుమించి చెప్పలేదు.

వేళ్ల తొందర

జోడీలు వచ్చాక ఒక జబ్బు పుట్టింది. మా క్వాలిటీ హెడ్డు రవికిరణ్ వాటిని కంప్యూటర్లో ఎక్కించాడు. రెండక్షరాలు కొడితే జోడీ మొత్తం వచ్చి పడేది. మంచి ఏర్పాటే, కాదనను. కాని పిల్లల వేళ్లు చెవులకంటే ముందు పరుగెత్తడం మొదలుపెట్టాయి. 'పెయిన్' అని వినపడగానే 'సివియర్ పెయిన్' పడిపోయేది. ఒక డాక్టరు రోగులందరికీ ఒక వారమంతా భరించలేని నొప్పే. విని చూస్తే సగంమందికి కొద్దిపాటి నొప్పి, ఒకాయనకు అసలు నొప్పే లేదు.

జోడీ నేర్చుకోవాల్సింది, చెవిన పడ్డప్పుడు గుర్తుపట్టడానికి. వినకుండా అతికించడానికి కాదు. ఈ వృత్తి గురించి నాకు తెలిసిందంతా ఈ రెండు ముక్కలే. మీ యంత్రం కూడా అలవాటైన జోడీనే అతికిస్తుందని వింటున్నాను. అతికించనీ. మీకు చెవులున్నాయిగా.

ఆ కాగితం

స్వరూప చేరిన కొత్తలో ఒక ఫైలు వచ్చింది. ఒక ముసలామెను చూసిన డాక్టరు, నిదానంగా మాట్లాడే మనిషి. ఒకచోట రోగికి 'ఇంపెండింగ్ డూమ్' అనిపిస్తోందని చెప్పాడు. స్వరూప అలాగే కొట్టింది. నేను హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను. సరిగ్గా ఉంది. పంపాను.

క్వాలిటీ రూములో రవికిరణ్ దాన్ని కొట్టేసి 'యాంగ్జైటీ' అని పెట్టాడు. స్వరూప పేరుమీద పెద్ద తప్పు కింద గుర్తు పెట్టాడు. కాగితం అలాగే అమెరికా వెళ్లిపోయింది. మాకెవరికీ చెప్పలేదు. నెలాఖరులో తప్పులు ఎక్కువయ్యాయని ప్రొబేషన్‌లో ఉన్న పిల్లను రేపటినుంచి రావద్దన్నారు. తక్కినవి కామాలు, చుక్కలు. పెద్ద తప్పు అదొక్కటే.

ఆ పిల్ల నా బల్లదగ్గరికి వచ్చి నిలబడింది. ఏడవలేదు.

"సార్, నేను ఇన్నదే కొట్టిన. మీరే చెప్పిన్రు గద, ఇన్నదే కొట్టాలె అని."

నేను క్వాలిటీ రూముకు వెళ్లాను.

"రిపోర్టులో డూమ్ ఏమిటి సార్? దెయ్యాల సినిమానా?" అన్నాడు రవికిరణ్. ఇంగ్లీషు మీడియంలో చదివినవాడు, మాట సాఫీగా ఉంటుంది. "రిపోర్టు అంటే రిపోర్టులా ఉండాలి. భయం అంటే యాంగ్జైటీ. అంతే."

"డాక్టరు అన్నడు. నేను ఇన్న."

"అన్నాడే అనుకోండి. మనకు బుద్ధి ఉండాలి కదా."

"బుద్ధి మీ రూముల అందరికీ ఉంది బాబూ. చెవులే లేవు. హెడ్‌ఫోను పెట్టుకొని ఎన్నాళ్లయింది?"

"సరే, వినిపించండి."

వినిపించడానికి గొంతు లేదు. ఫైలు పంపిన వారానికి గొంతులు చెరిపేసే పద్ధతి మాది. కంప్యూటర్లో చోటు చాలదు. అది అతనికి తెలుసు, నాకూ తెలుసు.

కంపెనీ యజమాని మూర్తిగారి దగ్గరికి వెళ్లాను. ఏలూరువైపు మనిషి. చెడ్డవాడు కాడు, భయస్తుడు. చెడ్డవాడితో వేగడమే తేలిక.

"మీకెందుకండి పెద్దాయనా ఈ గొడవ? చిన్నపిల్ల, ఇంకోచోట దొరుకుతుందండి."

"ఆ కాగితం నా చేతుల మీదికెల్లే పోయింది. నన్ను గూడ తీసెయ్యుండ్రి."

"మిమ్మల్నెలా తీసేస్తామండి? వచ్చే బ్యాచికి పాఠం ఎవరు చెబుతారు?"

"గదే అంటున్న. అవసరమున్నోడు చేస్తే తప్పు కాదు, అవసరం లేనోళ్లు చేస్తే తప్పు. గిదేం న్యాయం మూర్తిగారూ?"

ఆయన ఫైలు తిరగేస్తూ కూర్చున్నాడు. ఆ ఫైలులో ఏమీ లేదు, నేను చూశాను.

నానక్‌రామ్‌గూడలో

ఆదివారం స్వరూప వాళ్ల ఇంటికి వెళ్లాను. ఊరు ఇంకా ఊరులాగే ఉండేది, గేదెలు రోడ్డుకడ్డంగా పడుకునేవి. రేకుల గది. తండ్రి డ్యూటీకి బయల్దేరుతూ యూనిఫాం గుండీలు పెట్టుకుంటున్నాడు.

"మా పిల్ల తప్పు చేసిందా సార్?"

"చెయ్యలే."

"మరి ఎందుకు తీసేసిన్రు?"

జవాబు చెప్పాలంటే ఆ ముసలామె సంగతి చెప్పాలి. చెప్పాను. పేరూ ఊరూ నాకూ తెలియవు. నొప్పి కాదట, ప్రాణం ఎట్లనో అయిందట, అదే మీ పిల్ల టైపు చేసింది, మావాళ్లు దాన్ని తీసేసి ఉత్త భయం అని రాశారు అన్నాను.

ఆయన గుండీ దగ్గర చెయ్యి ఆపాడు.

"గట్లంటే బండి కట్టాలె గద సార్. భయం అని రాస్తే ఎవడు కడతడు?"

మా కంపెనీలో ఎవరికీ తట్టని ప్రశ్న అది. నాకు కోపం నషాళానికి అంటింది.

"జర ఆగు. నేను ఆ డాక్టరునే అడుగుత."

"ఎన్నడు ఆగాలె సార్? మా బిల్డింగుల హౌస్‌కీపింగ్‌కు మనుషులు కావాలంటున్నరు. వారం సంది ఇంట్ల కూసున్నది. రేపటికెల్లి పంపుత."

స్వరూప గడపలో నిలబడి వింటోంది. "పోత తియ్ సార్. పరేషాన్ కాకుండ్రి" అంది. మర్నాటినుంచి వెళ్లింది కూడా. నేల తుడవడంలో అవమానం లేదు. తుడవడానికి పంపినవాళ్లది అవమానం.

ప్రశ్న

సందేహం ఉంటే డాక్టరును అడగడం మా వృత్తిలో ఉన్న ఆచారమే. కాగితం అడుగున చిన్న ప్రశ్న పెడితే సంతకం చేసేటప్పుడు ఆయన చూస్తాడు. మా కంపెనీలో దాన్ని మాన్పించారు. అడిగితే మనకు ఇంగ్లీషు రాదనుకుంటారని భయం. ఇంగ్లీషు వచ్చినవాడే అడుగుతాడని వీళ్లకెవరు చెప్పాలి?

నేను దొంగచాటుగా చేయలేదు. మూర్తిగారి ఎదురుగా నిలబడి, ఆ డాక్టరు తరవాతి ఫైలు అడుగున ప్రశ్న పెడుతున్నానని చెప్పాను.

"వద్దండి. క్లయింటు పోతే హాలంతా ఖాళీ అవుతుందండి. ఒక్క పిల్లకోసం అందరి పొట్టలూ కొడతారా?"

అది నిజమైన భయమే. ఒప్పుకుంటాను. అయినా అన్నాను: "చెప్పనిది రాసి పంపుతున్నమని ఆయనకు తెల్వకుండ ఎన్నాళ్లు బతుకుతరు? తెలిసినాడు పోయే క్లయింటు ఇయ్యాలనే పోనియ్యుండ్రి."

పెట్టాను. "వెనకటి రిపోర్టులో ఒక వృద్ధురాలికి 'యాంగ్జైటీ' అని పంపాము. మీరు 'ఇంపెండింగ్ డూమ్' అన్నట్టు మేము విన్నాము. ఏది ఉంచాలి?" కింద నా పేరు కొట్టాను, ఎవరి పని అని వెతుక్కునే శ్రమ లేకుండా.

తరవాత చాలా రోజులు మూర్తిగారు నాతో మాట్లాడలేదు. రవికిరణ్ మాత్రం నేను మెట్లెక్కగానే "డూమ్ సార్ వచ్చారా? ఏదైనా ముంచుకొచ్చిందా?" అనేవాడు. "వస్తది బాబూ, తొందరేముంది" అనేవాణ్ణి. లోపల మాత్రం నాకు నమ్మకం సన్నగిల్లుతోంది. ఆ పిల్ల అక్కడ తుడుస్తోంది, నేను ఇక్కడ పాఠం చెబుతున్నాను.

జవాబు

ఒక పొద్దున కాకినాడ అమ్మాయి హెడ్‌ఫోను తీసి చెయ్యెత్తింది. "సార్, డాక్టరుగారు చివర్లో మనతో మాట్లాడుతున్నారండీ. కొట్టమంటారా?"

డాక్టరు టైపిస్టుతో అన్న మాటలు కాగితం మీద ఎక్కించకూడదని మా నియమం. వద్దన్నాను. విన్నాను. విని మూర్తిగారిని పిలుచుకొచ్చాను. అంత కంపెనీ పెట్టినాయనకు పెడల్ తొక్కడం రాదు. ఆయన నిలబడి వింటుంటే నా కాలితో నేను తొక్కాను. బయట ఈల వినపడింది, ఆపాను, పేలింది, మళ్లీ తొక్కాను. మొదటినుంచి పెట్టమన్నాడు. పెట్టాను. హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టి, దాని వైరు సర్దాడు.

"ఆ అమ్మాయి పీపీ నంబరు మీ దగ్గరుందాండి?" అన్నాడు.

ఉంది. నానక్‌రామ్‌గూడ కిరాణా కొట్టుది. నాకు నోటికే వచ్చు. ఆ పొద్దునే కొట్టుకు ఫోను చేసి, పిల్లను మళ్లీ పనికి రమ్మని కబురు పెట్టాం.

నా కోపం మాత్రం చల్లారలేదు, ఇప్పటికీ చల్లారలేదు. ఆ పిల్ల చెప్పింది, నమ్మలేదు. నేను చెప్పాను, నమ్మలేదు. సముద్రాలకవతల నుంచి ఒక గొంతు చెబితే నిలబడి రెండుసార్లు విన్నారు. క్వాలిటీ రూముకు హెడ్‌ఫోన్లు కొన్నారు. కొన్నాళ్లకు వాటిమీద దుమ్ము పేరుకుంది. "ఒక్క డాక్టరు మాట పట్టుకుని" అని రవికిరణ్ చివరిదాకా అంటూనే ఉన్నాడు.

ఆ గొంతునూ వారానికి చెరిపేశారు. ఏ కాగితం మీదా లేదు. నా చెవిలో ఉంది. తెలుగులో చెబుతున్నాను, ఏమీ కలపలేదు, ఏమీ తియ్యలేదు:

"ఇది రిపోర్టులోకి కాదు, టైపు చేసేవారికి చెబుతున్నాను. మీ ప్రశ్న చూశాను. అవును, నేనన్నది ఆ మాటే. నిజానికి నాది కాదు, ఆమెది. నొప్పి ఉందా అని నేనడిగాను. లేదంది, ఏదో ముంచుకొస్తోంది డాక్టర్ అంది. ఆ ఒక్క మాటమీద ఆమెను ఇంటికి పంపకుండా ఉంచాను. ఊపిరితిత్తిలో రక్తం గడ్డ కట్టింది. ఇప్పుడు బాగుంది. ఇన్నేళ్లుగా నేనిలాంటి మాటలు చెబుతున్నాను, అవి యాంగ్జైటీ అయి నా దగ్గరికి తిరిగొస్తున్నాయి. మొదట ఆ మాటను ముట్టుకోకుండా టైపు చేసినది ఎవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఇకమీదట నా ఫైళ్లు ఆ మనిషికే ఇవ్వండి."